పగడపు దిబ్బలు – ప్రసార స్తంభములు

2024వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన తెలంగాణ రాష్ట్రమున వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో భారత నౌకాదళమువారి ప్రసారకేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. సముద్రగర్భమున సంచరించు జలాంతర్గాములకు ఆజ్ఞలు పంపుటకై తలపెట్టిన కేంద్రమది. ఇట్టి కేంద్రము మన దేశమున ఇది రెండవది. మొదటిది తమిళనాడులోని తిరునల్వేలి జిల్లా విజయనారాయణమున 1990లో వెలసినది. పత్రికలు దామగుండపు కేంద్రమును రాడారు కేంద్రమని వ్రాసినవి. నిజమునకు అది రాడారు కాదు, రేడియోయే. అయితే మన యిండ్లలోని రేడియో పెట్టెకు అందని మిక్కిలి పొడవైన తరంగములతో పలుకు రేడియో. పేరేదైననేమి, ఆ తరంగముల వలన చెట్టుచేమలకును పశుపక్ష్యాదులకును కీడు కలుగునా యని పరిసరములవారు అడిగిరి. అడుగదగిన ప్రశ్నయే.

ఆ ప్రశ్ననే సముద్రములోనికి దించి అడుగవలెనని మాకు తోచినది. వార్త చేరవలసిన చోటు సముద్రమే కదా! అందులో కదలి పోలేని ప్రాణి యొకటి గలదు. చోటు గిట్టకున్న చేప ఈదుకొని పోవును, తాబేలును పోవును, పగడము పోలేదు. కుదురుకొన్న చోటనే సున్నపు గూడు కట్టుకొని, ఆ గూటిపై మరియొక గూడు లేచుచుండగా, వేల యేండ్లు అక్కడనే ఉండును. ప్రవాళ భిత్తికలని భూగోళ పాఠములలో మనము చదివిన పగడపు దిబ్బలు ఆ గూళ్ల పేర్పులే. రేడియో, రాడారు ప్రసారములు వానిని చెరచునా? ఊహతో తేల్చవలసిన పని లేదు. గొప్ప ప్రసారకేంద్రమొకటియు గొప్ప పగడపు దిబ్బయొకటియు అర్ధశతాబ్దికి పైగా ఇరుగుపొరుగుగా ఉన్న చోటు లోకమున ఉన్నది.

అది ఆస్ట్రేలియా ఖండమునకు పడమటి తీరమున, ఉత్తరముగా సముద్రములోనికి వ్రేలువలె చాచుకొన్న నార్త్ వెస్ట్ కేప్ అను అగ్రము. నేల ఎఱ్ఱనిది, వాన తక్కువ, మనుష్య సంచారము మరియు తక్కువ. ఆ వ్రేలికి పడమటి ప్రక్కన నింగలూ దిబ్బ ఇంచుమించు 260 కిలోమీటర్ల పొడవున తీరమును అంటిపెట్టుకొని యున్నది. ఈతవచ్చినవాడు కొన్నిచోట్ల ఒడ్డునుండి నేరుగా పగడముల మీదికి పోగలడు. తూర్పు ప్రక్కన ఎక్స్‌మౌత్ సింధుశాఖ. అగ్రమునకు దాపున, సింధుశాఖ వైపున, బండెగీ అను చిన్న దిబ్బ గలదు. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను. కథలో చిక్కంతయు దానితోనే యున్నది.

అక్కడ తరంగముల రాక రెండవ ప్రపంచ యుద్ధముతో మొదలైనది. 1912లో కట్టిన వ్లామింగ్ హెడ్ దీపస్తంభము దాపుననే యుద్ధకాలమున ఆస్ట్రేలియా వైమానిక దళమువారు రాడారు నెలకొల్పిరి. జపాను విమానముల జాడ తీయుటకై అది సముద్రము వైపు చూచుచు, నింగలూ దిబ్బ ఉత్తరపు కొనమీదుగా తన కిరణములను పంపినది. సింధుశాఖలో అమెరికా జలాంతర్గాములు చమురు నింపుకొనుటకు స్థావరము వెలసినది. 1943 సెప్టెంబరులో ఒక చిన్న పడవ సింగపూరు రేవులోని శత్రునౌకలను పేల్చివేయుటకు బయలుదేరినది ఆ సింధుశాఖనుండియే; ఆ పడవ పేరు క్రెయిట్, అనగా మన కట్లపాము. యుద్ధము ముగిసినది, రాడారు మూగవోయినది. దాని కట్టడపు శిథిలములు కొండమీద మిగిలినవి.

అసలు కేంద్రము తరువాత వచ్చినది. 1963 మే నెలలో అమెరికా, ఆస్ట్రేలియా ప్రభుత్వములు ఒడంబడిక చేసికొనినవి. పరదేశపు సైనిక కేంద్రము మన నేలమీద ఉండవచ్చునా, అణుయుద్ధము వచ్చిన ఆ ఆజ్ఞలలో మనకు పాలుండునా అని ఆస్ట్రేలియాలో పెద్ద వాదము చెలరేగినది. అక్కడి లేబరు పార్టీ ఈ సమస్యకై ప్రత్యేక మహాసభనే జరుపుకొనవలసి వచ్చినది. ఆ వాదమంతయు సార్వభౌమత్వమును గూర్చినది. నింగలూకు రక్షిత సముద్ర వనమను గౌరవము 1987లో గాని రాలేదు. ప్రపంచ వారసత్వ స్థలముగా ఎన్నికయైనది 2011లో. 1963 నాటికి అది నావికులు తప్పించుకొని పోవు రాతికట్టు మాత్రమే.

1967 సెప్టెంబరు 16వ తేదీన కేంద్రము పనికి వచ్చినది. అగ్రము కొనయందు 13 స్తంభములు. నడిమి స్తంభము ఎత్తు 387 మీటర్లు. దాని చుట్టును తక్కిన 12 స్తంభములు రెండు వలయములుగా నిలిచి తీగెల గొడుగును మోయుచుండును. శక్తి పది లక్షల వాట్లు. ఆ సంవత్సరము డిసెంబరులో ప్రధానమంత్రి హెరాల్డ్ హోల్టు సముద్రస్నానమునకు పోయి కనబడకుండ పోయెను; మరుసటి యేడు కేంద్రమునకు ఆయన పేరు పెట్టిరి. సముద్రముతో మాటలాడు కేంద్రమునకు సముద్రము మ్రింగిన మనిషి పేరు! కేంద్రమునకు తోడుగా ఎక్స్‌మౌత్ అను ఊరును కట్టిరి. తరువాత తరువాత అమెరికా నావికులు వెడలిపోయి కేంద్రము ఆస్ట్రేలియా చేతికి వచ్చినది. ఆకాశమున తిరుగు ఉపగ్రహములను, వాని శకలములను కనిపెట్టు రాడారొకటి కరిబియను దీవియగు ఆంటిగ్వా నుండి తరలివచ్చి 2017 నుండి అక్కడ పనిచేయుచున్నది. కావున రేడియోయు రాడారును రెండును ఆ దిబ్బకు పొరుగువారే.

ఇంత పెద్ద స్తంభములు, ఇంత శక్తి – చూచినవారికి భయము పుట్టుట సహజము. కాని అవి అంత పెద్దవి కావలసి వచ్చినదేల? అందులోనే మన ప్రశ్నకు సగము జవాబున్నది. ఉప్పునీరు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును. రేడియో తరంగము దానిని తాకగానే నీటిలో సన్నని విద్యుత్ప్రవాహములు పుట్టి, ఆ తరంగపు బలమును హరించి, స్వల్పమైన వేడిగా మార్చివేయును. తరంగమెంత పొట్టిదైన అంత త్వరగా చచ్చును. మన మీడియం వేవ్ ప్రసారము సముద్రములో జానెడు లోతు దిగునప్పటికి దాని బలము మూడవ వంతుకు కొంచెము పైగా మాత్రమే మిగులును. మరి జానెడు దిగిన, ఆ మిగిలినదానిలో మరల అంతే వంతు. ఎఫ్.ఎమ్. తరంగమునకు ఆ కొలత ఒక అంగుళము. ఉపగ్రహములను వెదకు రాడారు కిరణమునకు బియ్యపు గింజ పొడవు కూడ లేదు. ఈ హోల్టు కేంద్రపు తరంగము 19.8 కిలోహెర్ట్జులది, అది మాత్రము మనిషి నిలువెత్తు దిగును. అందుచేతనే జలాంతర్గాముల కొరకు దానిని ఎన్నుకొనిరి. జర్మనులు రెండవ యుద్ధమున కాల్బె దగ్గర గోలియత్ అను పది లక్షల వాట్ల కేంద్రమును కట్టినదియు ఈ యిబ్బందికే. సముద్రము తలుపు తెరచియుండిన ఎవరును అంతటి స్తంభములను ఎత్తి యుండరు. ఆ ఎత్తు తరంగముల బలమునకు గుర్తు కాదు, నీటి మొండితనమునకు గుర్తు.

ఇంకొక సంగతి. తరంగము నీటిలోనికి దిగుటకు ముందే నీటి మొగము మీదనే దెబ్బతినును. ఈ కొలత తరంగములలో గాలిలోని విద్యుత్ క్షేత్రమున ఇంచుమించు రెండు వేలవ వంతు మాత్రమే నీటిలో అడుగు పెట్టును. పది లక్షల వాట్లను లెక్కకు తీసికొని, స్తంభములకు మూడు కిలోమీటర్ల దూరమున ఒక చదరపు మీటరు నీటిలో ఇంకిపోవు శక్తి యెంతయని మేము గుణించి చూచితిమి. ఒక వాటులో లక్షవ వంతుకు అటునిటు తేలినది. మిట్టమధ్యాహ్నపు సూర్యుడు అదే చదరపు మీటరు మీద సుమారు వేయి వాట్లు కురిపించును. అనగా సూర్యుని దానిలో పది కోట్లవ వంతు. ఒక మేఘము అడ్డువచ్చి తొలగిన కలుగు తేడాతో దీనిని పోల్చుటకు కూడ వీలులేదు. మరి జలాంతర్గామికి వార్త యెట్లు వినబడుచున్నది? దాని చెవి మిక్కిలి సునిశితమైనది, అంతే. ఎక్కడో వంట యింటిలో చెంచా జారిన చప్పుడు విని మేలుకొను తల్లివలె, అణుమాత్రమైన తరంగమును పట్టి దానిని పెంచుకొనును.

వేడి సంగతి ఇంతటితో సరి. అయితే తరంగము వేడి చేయకయే మరియొక విధముగా ప్రాణిని కలవరపెట్టరాదా? ఈ శంకను మేము తేలికగా కొట్టివేయము. 2014లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గు శాస్త్రజ్ఞులు ఐరోపా దేశపు రాబిన్ పిట్టలను గూర్చి విచిత్రమైన సంగతి ప్రకటించిరి. పట్టణపు విద్యుద్యంత్రములనుండి వెడలు సన్నని రేడియో రొద, అందును మన మీడియం వేవ్ ఉన్న మేరలోని రొద, ఆ పిట్టల లోపలి దిక్సూచిని తప్పుదారి పట్టించినదట. అల్యూమినియము రేకులు కప్పిన గుడిసెలో పిట్టలు దిక్కును మరల గుర్తుపట్టినవి. ఆ దిక్సూచికి మూలము క్రిప్టోక్రోము అను మాంసకృత్తు కావచ్చునని శాస్త్రజ్ఞుల తలంపు. అంతకు ఏడేండ్ల ముందు, 2007లో, ఆస్ట్రేలియా పగడమొకదానిలో ఆ జాతి మాంసకృత్తులే బయటపడినవి. పగడములు వెన్నెలను కనిపెట్టి, సంవత్సరమున కొన్ని రాత్రులలో ఒక్కుమ్మడిగా తమ బీజములను నీటిలో విడుచుటకు అవి తోడ్పడునేమో యని శాస్త్రజ్ఞులు భావించిరి. ఈ రెండు సంగతులను ఒకచోట చేర్చినవానికి గుండె కలుక్కుమనక మానదు. పైగా పెద్ద పోటుపాటుల రోజులలో దిబ్బ నెత్తి బయటపడి, జానెడు నీరు కూడ కప్పి యుండదు. అప్పుడు నీటి కవచము లేదు.

దీనికి చరిత్రయే జవాబు చెప్పవలెను. ఆస్ట్రేలియా పడమటి తీరమున పగడములు ఒక్కుమ్మడిగా బీజములు విడుచుటను శాస్త్రజ్ఞులు 1984లో గమనించిరి. అప్పటికి హోల్టు కేంద్రము వయస్సు పదునేడేండ్లు. మార్చి, ఏప్రిలు పౌర్ణములు గడచిన కొన్ని రాత్రులకు నింగలూ నీరు గులాబి రంగు నూకలు చల్లినట్లగును. ఆ ఋతువుననే తిమింగల సొరచేపలు అక్కడికి వచ్చును. వానితో ఈదుటకు దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు. స్తంభముల నీడలో పగడము తిథి తప్పినదని చెప్పుటకు ఆధారము మాకెక్కడను కనబడలేదు. కేంద్రపు అవసరమునకై మ్యురాట్ అగ్రమున కట్టిన నౌకాదళపు రేవు వంతెన క్రింద చేపలు గుంపులు గుంపులుగా చేరినవి. ప్రపంచమున ఒడ్డునుండి మునిగి చూడదగిన చోట్లలో దానిని మేలైనదిగా ఈతగాండ్రు ఎన్నుచుందురు.

రాడారును సోనారుతో కలగాపులగము చేయుట వలన కూడ ఈ భయము కొంత పెరిగినది. సోనారు శబ్దముతో వెదకునది. శబ్దమునకు నీరు రాచబాట. అది మైళ్లకొలది పోవును. 2000వ సంవత్సరము మార్చిలో బహామా దీవుల దగ్గర నౌకాదళపు సోనారు మ్రోగిన వెంటనే ముక్కు తిమింగలములు ఒడ్డుకు కొట్టుకొని వచ్చినవి. ఆ తప్పు సోనారుదని విచారణలో తేలినది. ఆ నేరమును రాడారుకు అంటగట్టుట పేరులోని ప్రాసను నమ్మి తీర్పు చెప్పుటయే.

అయిననూ ప్రసారకేంద్రములు పగడములకు ఎన్నడును కీడు చేయలేదని మేము చెప్పబోము. హిందూ మహాసముద్రమున డియెగో గార్షియా దీవిలో 1971 నుండి అమెరికావారు వార్తాకేంద్రమును, విమానముల దారిని, రేవును కట్టిరి. అందుకై పగడపు రాతిని పేల్చిరి, మడుగు అడుగును త్రవ్విరి. అంతకన్న ఘోరముగా, 1968–73 నడుమ చాగోసు దీవుల ప్రజలనే బ్రిటిషు ప్రభుత్వము వెడలగొట్టినది. పసిఫిక్ సముద్రమున క్వాజలీను దీవులలో క్షిపణులను చూచు రాడారులకును కట్టడములకును దిబ్బ రాయి తవ్వి వాడిరి. ఈ చోట్ల చేటు తెచ్చినవి గునపము, మందుగుండు, త్రవ్వోడ. ఏరియలులో కరెంటు పారక మునుపే చేటు జరిగిపోయినది. దామగుండము వారు కూడ అడవి నరకుటను, నీటి దారులను గూర్చి అడిగిన ప్రశ్నలను తరంగముల ప్రశ్నతో ముడివేయకుండ వేరుగా అడిగి, వేరుగా జవాబు రాబట్టుకొనుట మేలని మాకు తోచును. తరంగము వలన హాని లేదన్న జవాబు చెట్టును గూర్చిన ప్రశ్నకు జవాబు కాదు.

ఇక బండెగీ. అనుమానపడువారికి ఇంతకన్న గొప్ప సాక్ష్యము దొరకదు. 2010 వరకు అక్కడ పగడము ఒత్తుగా పెరిగియున్నది. 2011 వేసవి గడచునప్పటికి తెల్లబడి, అందులో చాలవంతు చచ్చినది. అదే వేసవిలో పడమటి ప్రక్కనున్న దిబ్బ చాలవరకు బ్రతికి బట్టకట్టినది. స్తంభములకు దాపుననున్నది చచ్చినది, దూరముననున్నది బ్రతికినది! న్యాయస్థానమున ఇంతమాత్రపు సాక్ష్యముతో ఎందరికి శిక్షలు పడలేదు?

కాని సాక్షిని ఇంకొంచెము ప్రశ్నింపవలెను. స్తంభములు 1967 నుండి పలుకుచునే యున్నవి; నలుబదిమూడేండ్లు బండెగీ వాని ప్రక్కన పచ్చగా బ్రతికినది. 2011లో క్రొత్తగా వచ్చినది తరంగము కాదు, వెచ్చని నీరు. ఆ యేడు లా నినా విజృంభించి, ఉత్తరపు వెచ్చని నీటిని తీరము వెంట దక్షిణమునకు తోలు లీవిన్ ప్రవాహము బలిసినది. సముద్రము ఉష్ణోగ్రత మామూలుకన్న రెండు మూడు డిగ్రీలు, కొన్నిచోట్ల అంతకు మించియు పెరిగి వారములకొలది నిలిచినది. సముద్రమునకు వడదెబ్బ తగిలినదన్నమాట. ఆ దెబ్బకు అక్కడికి వందల కిలోమీటర్ల దక్షిణమున కల్బరీ దగ్గర సముద్రపు నాచు అడవులు మాడిపోయినవి. అక్కడ ఏ స్తంభము నీడయు లేదు. సింధుశాఖ నీరు లోతు తక్కువది, బాహ్య సముద్రపు చల్లదనము దానికి అంతగా అందదు; పడమటి దిబ్బ విశాల సముద్రమునకు ఎదురుగా నున్నది. బండెగీ దోషము అది స్తంభముల దాపున నుండుట కాదు, వెచ్చని మడుగులో నుండుట.

వేడికి పగడము తెల్లబడుట క్రొత్తగా కనుగొన్నదియు కాదు. 1928–29లో గ్రేట్ బారియర్ దిబ్బకు పోయిన బ్రిటిషు శాస్త్రజ్ఞుల బృందమునకు సి. ఎమ్. యంగ్ నాయకుడు. లో ఐల్స్ దగ్గర ఎండతాకిడికి పగడములు తమలో కాపురముండు సూక్ష్మ శైవలములను వెడలగొట్టి పాలిపోవుట ఆ బృందము వ్రాసియుంచినది. పగడమునకు రంగును, అన్నములో పెద్ద పాలును ఆ శైవలములవే. ఇల్లాలిని వెడలగొట్టిన యింటివలె తెల్లని గూడు మాత్రము మిగులును. త్వరగా నీరు చల్లబడి శైవలము తిరిగి వచ్చెనా బ్రతుకును, లేకున్న ఆకలితో చచ్చును. ఇందుకు రేడియో అక్కరలేదు. మన లక్షదీవులలో 1998, 2010, 2016, 2024 సంవత్సరములలో పగడములు ఇట్లే తెల్లబడినవి. తీరమునుండి ఎంతో దూరమున నడిసముద్రములో ఒంటరిగా ఉన్న స్కాట్ దిబ్బ 1998లోను 2016లోను తెల్లబడినది.

అనుమానపడువారిని మేము ఎగతాళి చేయుట లేదు. కంటికి కనబడని తరంగమును శంకించినవారు కనబడని వేడిని శంకింపకుండుటకు కారణము తేలికగానే తెలియును: స్తంభమునకు రూపున్నది, యజమాని యున్నాడు, వానిని నిలదీయవచ్చును. మన పొయ్యిలు, బండ్లు, మిల్లులు విడిచిన పొగ ఆకాశమున చేరి సముద్రమును వెచ్చజేసిన నేరమున ముద్దాయి యెవడు? వేలు చూపబోయిన అది మనవైపే తిరుగును.

2011 తరువాత బండెగీలో పగడపు మొలకలు మెల్లమెల్లగా తలయెత్తినవి. 2024–25 వేసవిలో మరల వేడి వచ్చినది. ఈసారి పడమటి ప్రక్కయు తప్పించుకొనలేదు. నింగలూ దిబ్బ పొడవునను, స్తంభములకు దాపునను దూరమునను, పగడము తెల్లబడినది. అదే వేసవిలో ఖండమునకు ఆవలి ప్రక్కన, వేల కిలోమీటర్ల దూరముననున్న గ్రేట్ బారియర్ దిబ్బయు తెల్లబడినది.